నీలం తిరగని పిండి

పంకజాక్షికి ఉర్లగడ్డను, అదే బంగాళాదుంపను, చూస్తే చాలు, ఒళ్ళు మండేది. ఇంట్లో ఆ కూర వండడం ఎప్పుడో మానేసింది. పెళ్ళి భోజనాల్లో వడ్డించడానికి వస్తే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టేది. అయినా వారం తిరిగేసరికి చిత్తూరు మార్కెట్లో వంగి నిలబడి, మొలక రానివి, పచ్చబడనివి, తోలు గట్టిగా ఉన్నవి ఒక్కొక్కటే ఏరి సంచిలో వేసుకుని తిరుపతి బస్సు ఎక్కక తప్పేది కాదు.

ఆ దారిలో తిరిగే కండక్టర్లందరికీ ఆమె తెలుసు.

"ఏమ్మా, తిరపతిలో ఉర్లగడ్డలు దొరకవా? ఈడ్నించి మోస్తా ఉండావు?"

"దొరుకుతాయప్పా. అవి ఐసులో పెట్టినవి. నాకు పనికిరావు."

"ఏం, జలుబు చేసిందా వాటికి?"

బస్సంతా నవ్వేది. పంకజాక్షి మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేది. నవ్వే ఓపిక ఎక్కడిది?

రెండువేల నాలుగో సంవత్సరం నాటి మాట ఇది. ఆమెకు అప్పటికి నలభై దగ్గర పడుతున్నాయి. భర్త బాలచంద్రకు చిత్తూరులో మామిడికాయల మండీ. పెళ్ళయి ఇద్దరు పిల్లలు పుట్టాక ఎమ్మెస్సీ చదివి, ప్రైవేటు కాలేజీలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పింది. అంతటితో ఊరుకోవచ్చు. కానీ ఆమెకు డాక్టరేటు మీద మనసు పడింది. ఉద్యోగం మానేసి, తిరుపతిలో యూనివర్సిటీలో పరిశోధనకు చేరింది. అనుకున్న ఏళ్ళు అయిపోయాయి, అడిగి పొడిగించుకున్న ఏడాదీ అయిపోవచ్చింది. జూన్ దాటితే పేరు కొట్టేస్తారు. మళ్ళీ మొదటినుంచి చేరడానికి ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు. నిజం చెప్పాలంటే ఆమెకే శక్తి లేదు.

అత్తగారు సుబ్బులమ్మ చెడ్డ మనిషి కాదు. కోడలు బస్సు దిగి వచ్చేసరికి సంగటి కెలికి, ఊరిబిండి పచ్చడి నూరి పెట్టేది. కాకపోతే నోరు ఊరుకోదు.

"అది కాదే పంకజా, ఇన్నేండ్లుగా ఆ గడ్డలతో ఏం సేస్తా ఉండావో నాకొకసారి సెప్పు. పక్కింటోళ్ళు అడిగితే నోరు తెరస్తా నిలబడుకుంటా ఉండా."

"వాటిని తురిమి రసం పిండుతా అత్తా. ఆ రసంలో ఒక సరుకు ఉంటుంది. చక్కెర గింజల్ని ఒకదానికొకటి అతికించి పిండిని చేసేది అదే."

"పిండి అంగట్లో దొరకదా?"

"దొరికే పిండి అయిపోయిన పిండి. నాకు నా ముందర పెరిగే పిండి కావాల. మన దొడ్లో బీరపాదు గుంజకు ఎట్ల చుట్టుకోని పోతుంది? గుంజ ముందు నాటాల. తర్వాత తీగ పెరగతా పెరగతా చుట్టుకోవాల. పెరిగిపోయిన తీగను చుట్ట చుట్టి, దాని నడాన గుంజ దోపితే దూరుతుందా?"

"దూరదు. తీగ తెగుతుంది."

"అదే నా పని. పిండి పోగు స్ప్రింగు మాదిరి మెలి తిరుగుతుంది, లోపల బోలుగా ఉంటుంది. ఆ బోలులో ప్లాస్టిక్కు జాతి పోగు ఉండాల. పోగు ముందు వేసి, దాని చుట్టూ పిండిని పెంచాల."

సుబ్బులమ్మ ఇంకో సంగటి ముద్ద వడ్డించింది.

"పెంచితే?"

"పెంచితే అంతే."

"దేనికి పనికొస్తుంది?"

అక్కడికి వచ్చేసరికి పంకజాక్షి కంచం తీసుకుని లేచిపోయేది. మట్టిలో కలిసిపోయే ప్లాస్టిక్కు అనీ, మందులు దాచే గుళికలనీ పుస్తకాల్లో రాసుంది. ఆ మాట అత్తకు చెబితే, యాడ చూపించు అంటుంది. చూపించడానికి ఏముంది, గాజు గొట్టం అడుగున చిటికెడు తెల్ల మడ్డి తప్ప.

ఆ మడ్డి సరైనదో కాదో చెప్పేది అయొడిన్. బోలుగా ఉన్న పిండిలో అయొడిన్ దూరి కూర్చుంటే ముదురు నీలం వస్తుంది. ముందే పోగు దూరి ఉంటే అయొడిన్‌కు చోటుండదు, నీలం రాదు. కాబట్టి ప్రతిసారీ రెండు గొట్టాలు పెట్టాలి. ఒకదాంట్లో పోగు వేయాలి, రెండోదాంట్లో వేయకూడదు. పోగు లేనిది నీలం తిరిగి, పోగున్నది తిరగకపోతేనే పని జరిగినట్టు.

కానీ ఆమె గైడు గిరిప్రసాద్ గారు పొదుపు మనిషి. అతికించే ఆ చక్కెర మామూలు చక్కెర కాదు, ఫాస్ఫేటు తగిలించినది. బొంబాయి ఏజెంటు ద్వారా చిన్న సీసాలో వస్తుంది, బంగారం మాదిరి చూసుకోవాలి. మొదట్లో ఒకసారి పోగు లేని గొట్టం పెట్టి, అది నీలం తిరగ్గానే సారు అన్నారు:

"ఇంక చాలమ్మా. ప్రతిసారీ ఎందుకు దండగ? పోగున్నది మాత్రం చేసుకుంటా పో."

చేసుకుంటూ పోయింది. ఏ ఒక్కసారీ నీలం రాలేదు. రానప్పుడల్లా సంతోషపడింది. మూడు రకాల పోగులతో చేసి, ఒక అధ్యాయం రాసి, టైపు కూడా చేయించింది. తీరా పరిశోధనను పరిశీలించే కమిటీ ముందుకు వెళితే అందులో ఒక పెద్దాయన, "ప్రతిదానికీ పక్కన పోగు లేని ఖాళీ గొట్టం ఏదమ్మా?" అని అడిగాడు.

అప్పటినుంచి మొదలైంది అసలు పీడ. ఖాళీ గొట్టం పెడుతుంది, నీలం రాదు. మళ్ళీ పెడుతుంది, రాదు. ఎప్పుడైనా ఒకసారి ముక్కుపొడుం రంగు వస్తుంది, అంతే. పోగు లేదు, అడ్డం లేదు, మరి పిండి ఏమైనట్టు?

ఉర్లగడ్డల్ని తిట్టింది. కరెంటును తిట్టింది. నీళ్ళను తిట్టింది. అన్నీ అయ్యాక అటెండరు మునివెంకటప్ప మీద పడింది. అతను ల్యాబులో గాజు సామాను కడిగే మనిషి. బుగ్గన ఎప్పుడూ ఆకువక్క ఉంటుంది.

"మునివెంకటప్పా, గొట్టాలు ఏం పెట్టి తోమినావు?"

"రోజూ తోమేదే మేడం. సబ్బుపొడి."

"సబ్బు పోయిందాకా కడిగినావా?"

"నాలికతో నాకి సూపించమంటారా ఏంది?"

"నాకితే నాకుతావు నువ్వు! ఇంకోసారి కడుగు, పో."

అతను గొణుక్కుంటూ వెళ్ళి మళ్ళీ కడిగేవాడు. పాపం, అదే గొట్టాన్ని రోజుకు ఎన్నిసార్లు కడిగించిందో. ఒకసారి అలిగి, "మేడమ్మ గొట్టాలు నేను ముట్టుకోను సారూ" అని గిరిప్రసాద్ గారి దగ్గరికే వెళ్ళాడు.

ఏప్రిల్లో పంకజాక్షికి పన్ను పోటు మొదలైంది. దవడ వాచి, పెదవులు దగ్గరికి రావడం లేదు. సుబ్బులమ్మ లవంగం నలిపి పెట్టి, "ఈ పొద్దన్నా ఇంట్లో గమ్మున పండుకో" అంది. పండుకుంటే జూన్ ఆగుతుందా? సంచి తీసుకుని బస్సెక్కింది.

ల్యాబులో పిపెట్టు తీసి నోట్లో పెట్టుకుంది. ద్రావణం కొలవడానికి ఆ సన్నటి గాజు గొట్టాన్ని నోటితో పీల్చాలి. పీల్చడానికి రబ్బరు బుడ్డ ఒకటి ఉండేది కానీ ఎండకు బిరుసెక్కి పగిలిపోయింది, కొత్తది కొనలేదు. నోరుండగా బుడ్డెందుకు అనేవారు సారు. ఆ పొద్దు ఎంత పీల్చినా గాలి పక్కనుంచి పోతుందే తప్ప ద్రావణం పైకి రాదు. పన్ను జివ్వుమంది.

"ఇటు ఇయ్యండి మేడం, నేను పీల్సి ఇస్తా" అన్నాడు మునివెంకటప్ప జాలిపడి.

"ఛీ! ఆకువక్క నోరు పెడతావా దీంట్లో? ఎంగిలి!"

యూనివర్సిటీ గేటు ముందరి మందుల అంగట్లో సిరంజి తెప్పించి, దానితో కొలిచి ఖాళీ గొట్టం ఒక్కటే పెట్టింది. సాయంత్రం అయొడిన్ వేసింది. ఖాళీ గొట్టం కళ్ళు చెదిరేంత నీలం తిరిగింది.

ఆమె నమ్మలేదు. గొట్టాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది. మునివెంకటప్పను పిలిచి, ఇది నీలమా, నల్లనా అని అడిగింది.

"నీలమే మేడం. సూస్తిరా, నేను కడిగింది ఎట్ల ఉండాదో!"

ఈ వారం ఉర్లగడ్డలు మంచివి పడ్డాయనుకుంది. అదే రైతు దగ్గర మరో సంచి కొంది. ఈలోగా డాక్టరు పన్ను పీకేశాడు, వాపు తీసింది. మళ్ళీ హాయిగా పిపెట్టు నోట్లో పెట్టుకుని పని చేసింది. ఖాళీ గొట్టం మళ్ళీ నీలం తిరగకుండా ఉండిపోయింది.

అప్పుడు ఆమెకు వచ్చిన కోపానికి ఆ గొట్టాన్ని గోడకేసి కొట్టాల్సింది. కొడితే మళ్ళీ సారు పొదుపు గురించి చెబుతారని ఊరుకుంది. స్టూలు మీద కూర్చుని తల పట్టుకుంది. అదే గడ్డలు. అదే చక్కెర. కడిగింది అదే మునివెంకటప్ప. ఆ పొద్దు ఏం వేరేగా చేశాను? పన్ను నొప్పి తప్ప వేరే ఏముంది?

పిపెట్టు మళ్ళీ చేతిలోకి తీసుకుంది. ఉత్తి నీళ్ళు పీల్చింది. గొట్టంలోకి వదిలింది. చివర ఒక చుక్క ఆగింది. అలవాటు ప్రకారం ఉఫ్‌మని ఊదింది.

ఊది, అలాగే ఉండిపోయింది.

ఆ ఊదడం ఆమెకు నేర్పింది గిరిప్రసాద్ గారే. ఆ ల్యాబులో చేరిన ప్రతివాళ్ళకూ మొదటిరోజే చెప్పేవారు: "చివరి చుక్క వదలొద్దు, ఊదేయ్. చుక్క చుక్కా ఖర్చే." మిగతావాళ్ళు చేసేది లోహాలతో, లవణాలతో. వాళ్ళు ఊదినా ఉమ్మినా ఏమీ కాదు. పంకజాక్షిది పిండి. నోట్లో ఉమ్మి పిండిని తినేస్తుందని ఎనిమిదో తరగతి పిల్లలు చదువుతారు. ఇంటర్ పిల్లలకు తనే చెప్పింది, పరీక్షలో ప్రశ్న కూడా ఇచ్చింది! ఉర్లగడ్డ సరుకు పొద్దంతా కష్టపడి గింజ గింజా అతికిస్తుంటే, తను ఊదిన తుంపర వెనకనుంచి ఊడబీకుతూ వచ్చింది. మొట్టమొదటి ఖాళీ గొట్టం నీలం తిరిగింది రబ్బరు బుడ్డ పగలకముందు.

క్యాంటీన్ నుంచి గంజి తెప్పించి, రెండు గ్లాసుల్లో పోసి సారు బల్ల మీద పెట్టింది. రెండింట్లో అయొడిన్ చుక్క వేసింది. రెండూ నీలమయ్యాయి.

"మునివెంకటప్పా, నువ్వు పక్కకు పో. నీ నోట్లో సున్నం ఉండాది, దాంతో కూడా రంగు పోతుంది, నమ్మేదానికి లేదు" అని, సారు చూస్తుండగానే ఒక గ్లాసులో తనే ఉమ్మింది.

"ఏమ్మా! ఏం పనమ్మా ఇది!" గిరిప్రసాద్ గారు కుర్చీ వెనక్కి జరిపారు.

"చూడండి సార్. రోంతసేపు చూడండి."

గ్లాసును రెండు చేతుల మధ్య వెచ్చగా పట్టుకుని నిలబడింది. మెల్లగా నీలం ఊదా అయింది, ఎర్రగా మారింది, తర్వాత ఏమీ లేకుండా పోయింది. పక్క గ్లాసు నీలంగానే ఉంది.

సారు కుర్చీ మళ్ళీ ముందుకు జరుపుకున్నారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"మాకు మా సారు కూడా ఊదమనే నేర్పినాడమ్మా" అన్నారు చివరికి.

"మరి ఆ అధ్యాయం సార్? పోగు దూరింది కాబట్టి నీలం రాలేదని రాసినాం. దూరిందో, నా ఉమ్మి తినేసిందో ఎవరికి తెలుసు?"

"టైపయిపోయింది కదా."

"అయిపోతే?"

"గమ్మున ఉండు పంకజాక్షీ. జూన్ మీదికొస్తా ఉండాది. ఒక ఖాళీ గొట్టం నీలం వచ్చింది కదా, దాన్ని అన్నిటికీ పక్కన పెట్టి రాసేయ్. ఎవరూ అడగరు. దొంగతనమా ఏమన్నా? తెలీక జరిగింది."

"తెలీనప్పుడు రాసింది వేరే సార్. ఇప్పుడు తెలుసు కదా. నా ఎంగిలికి డాక్టరేటు ఇస్తారా?"

"అయితే ఏం చేస్తావు? సీసాలో ఎంత మిగిలుండాదో చూసినావా?"

చూసింది. అడుగున తెల్లటి పొడి ఒక్క పోగుకు సరిపోతుంది, దాని పక్కన ఖాళీ గొట్టానికి సరిపోతుంది. తప్పితే మరోసారికి లేదు. కొత్త సీసా వచ్చేసరికి జూన్ వెళ్ళిపోతుంది.

"అధ్యాయం తీసేస్తా సార్. ఒక్కదాన్నే చేస్తా."

"అది కూడా పోతే?"

"పోతే ఇంటికి పోయి సంగటి కెలుక్కుంటా."

కోపంతో అనేసి బయటికొచ్చి, సంచి విప్పింది.

ఉర్లగడ్డలు మళ్ళీ తురిమింది, పిండింది, వడకట్టింది. రెండు రోజుల పని అది. మూడో రోజు పొద్దున్నే సిరంజితో కొలిచి, పోగున్నదీ ఖాళీదీ రెండు గాజు కుప్పెల్లో విడివిడిగా కలిపింది. సిరంజిలో చివరి చుక్క ఆగితే ఆగనీ అని వదిలేసింది. వేడినీళ్ళ తొట్టిలో దించి, నలభై అయిదు డిగ్రీలకు పెట్టి, కలియబెట్టే యంత్రం ఆన్ చేసింది.

అంతే, కరెంటు పోయింది.

పంకజాక్షి పైకప్పు వైపు చూసింది. ఏడుపు రాలేదు. నవ్వూ రాలేదు. "మునివెంకటప్పా, ఎప్పుడొస్తుందంట?"

"ఆఫీసులో కనుక్కొనొచ్చినా మేడం. లైను మారస్తా ఉండారంట. సాయంత్రం దాకా రాదు."

నీళ్ళు చల్లారితే పిండి పెరగడం ఆగిపోతుంది. ప్లాస్టిక్కు పోగు నీళ్ళలో కరిగేది కాదు, కదిలించకపోతే నూనెలా పైకి తేలిపోతుంది. పెట్టింది ఆఖరిది. ఏం చెయ్యాలో తోచక వరండాలోకి వచ్చేసరికి మే నెల ఎండ మొహం మీద కొట్టింది. తిరుపతి ఎండ సంగతి చెప్పాలా? చెప్పుల్లేకుండా అడుగు పెడితే పాదం కమిలిపోతుంది.

ఆమె వెనక్కి పరిగెత్తింది.

"బక్కెట్టు తీసుకో! థర్మామీటరు ఎత్తుకో! మిద్దె మీదికి పా!"

"ఈ ఎండలోనా? సచ్చిపోతాం మేడం!"

"సచ్చిపోతే పోతాం, పా!"

మిద్దె మీద, పిట్టగోడ పక్కన అల్యూమినియం బక్కెట్టు పెట్టి నీళ్ళు నింపి, కుప్పెలు రెండూ దించారు. తొట్టిలోని వేడినీళ్ళే తెచ్చి పోశారు కాబట్టి చల్లారలేదు. థర్మామీటరు కాసేపటికే ఎక్కడం మొదలుపెట్టింది. ఎక్కువైతే సరుకు చచ్చిపోతుంది. కుండలోంచి చెంబుతో చల్లనీళ్ళు కలిపింది. తగ్గితే ఆపింది. ఒక చేత్తో కొంగు తల మీద పట్టుకుని, మరో చేత్తో కుప్పెల్ని ఊపుతూ కూర్చుంది. చెయ్యి పడిపోతే మునివెంకటప్ప ఊపాడు. అతను ఊపుతుంటే ఆమె తిట్టింది, ఆమె ఊపుతుంటే అతను తిట్టాడు. ఎవరిని తిడుతున్నారో ఇద్దరికీ తెలియదు.

మధ్యాహ్నం గిరిప్రసాద్ గారు గొడుగు వేసుకుని పైకొచ్చారు. బక్కెట్టును చూశారు, ఇద్దరి మొహాలూ చూశారు. పక్కన కూర్చుని గొడుగు పంకజాక్షి తల మీదికి పట్టారు.

"సార్, గొడుగు బక్కెట్టు మీదికి పోతా ఉండాది. నీడ పడతాది, తీయండి" అందామె.

సారు గొడుగు తీసేశారు. ఎండలోనే కూర్చున్నారు.

పొద్దు వాలేవేళకు పోగున్న కుప్పెలో సున్నం కలిపినట్టు తెల్లగా దిగింది. మునుపెన్నడూ అంత రాలేదు. కిందికి తెచ్చి వడకట్టి, కడిగి, చిటికెడు తీసి అయొడిన్ వేసింది. పల్చటి టీ రంగులోనే ఉండిపోయింది. ఖాళీ కుప్పెలోంచి తీసి వేసింది. సిరా బుడ్డి ఒలికినట్టు నీలం.

మునివెంకటప్ప రెండింటినీ కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి పక్కపక్కన పట్టి చూశాడు.

ఆ తెల్లపొడి ఎక్స్‌రేకు మద్రాసు వెళ్ళింది. వచ్చిన పటంలో గీతలు, పోగు దూరిన పిండికని బయటి దేశాలవాళ్ళు అచ్చేసిన గీతలతో సరిగ్గా సరిపోయాయి. పోగు లోపలే ఉంది. జూన్ ఇంకా మిగిలుండగానే ఆమె థీసిస్ ఇచ్చేసింది. మూడు పోగుల పుస్తకం కాస్తా ఒక్క పోగు పుస్తకమై సన్నబడింది. మొదట చేసినవి ఎందుకు తీసేసిందో, ఎవరి ఉమ్మి కలిసిందో కూడా అందులో రాసింది. గిరిప్రసాద్ గారు ఆ పేజీ దగ్గర కాసేపు ఆగి, దగ్గి, సంతకం పెట్టారు.

ఆ సాయంత్రం ఖాళీ చేతులతో బస్సు దిగిన కోడల్ని చూసి సుబ్బులమ్మ వాకిట్లోనే అడిగింది.

"అయిపోయిందా?"

"అయిపోయింది అత్తా."

"కడాకు ఏం తేలింది?"

"పిండి పోగుకు చుట్టుకుంటుందని తేలింది."

"అది నువ్వు ముందే సెప్తివి గదే, బీరపాదని!"

"ముందు అనుకున్నా. ఇప్పుడు చూసినా."

సుబ్బులమ్మ నుదురు కొట్టుకుంది. "దీనికి ఇన్నేండ్లా తల్లీ! సరే, రేపట్నించీ ఇంటి పట్టున ఉంటావు గదా?"

"వాళ్ళు పిలిస్తే ఒకసారి పోయి కూర్చోవాల. ప్రశ్నలు అడుగుతారు. అదయినాకనే పట్టా ఇచ్చేది."

"ఇంకా ఏం అడుగుతారంట?"

"అన్నీ అడుగుతారు అత్తా. కూడు పెడతావా, ముందు నువ్వు అడిగేది అయిపోనియ్యాల్నా?"

సుబ్బులమ్మ లోపలికి నడిచింది. ఆ పొద్దు ఇంట్లో చింతాకు పప్పు.